వచ్చిన దారినే వెనక్కి: సిగ్నల్‌ని పంపినవారికే తిప్పి పంపే యాంటెనాల వరస

రణస్థలం దాటాక హైవే పక్కన ఊళ్ళ పేర్లు, కిలోమీటర్లు రాసిన ఆకుపచ్చ బోర్డు ఒకటి ఉంది. రాత్రి బండి మీద వస్తుంటే చాలా దూరం నుంచే దాని మీద అక్షరాలు తెల్లగా మెరుస్తాయి. మొన్న ఒక రాత్రి అక్కడ బండి ఆపి, హెడ్‌లైటు కట్టేసి, టార్చి చెంపకి ఆనించి పట్టుకుని బోర్డు మీదకి వేశాను. భగ్గుమని వెలిగింది. టార్చి మా తమ్ముడి చేతికిచ్చి, పది అడుగులు పక్కకి వెళ్ళి అక్కడి నుంచి వెయ్యమన్నాను. నేను నిలబడ్డ చోటి నుంచి చూస్తే బోర్డు దాదాపు ఆరిపోయింది. "బాగానే వెలుగుతోంది కదా" అన్నాడు వాడు. వాడికి వెలుగుతోంది. నాకు లేదు.

టార్చి ఎవరి చేతిలో ఉందో ఆ బోర్డుకి తెలియదు. అయినా వెలుగుని పంపినవాడికే తిప్పి ఇచ్చేస్తోంది. ఇదే పనిని రేడియో తరంగాలతో, యాంటెనాలతో చేయించడం ఎలాగో చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను. విజయనగరంలో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పుకుంటూ ఇన్నేళ్ళలో పిల్లలకి నేను చెప్పిన విషయాల్లో నాకు బాగా ఇష్టమైనది ఇది. సిగ్నల్ ఎటు నుంచి వచ్చిందో కనుక్కోవాలి, లెక్క కట్టాలి, అటు గురిపెట్టాలి అని మనం అనుకుంటాం. ఆ మూడింటిలో ఒక్కటీ అవసరం లేదు. వచ్చిన వరసని తిరగేస్తే చాలు.

అద్దానికి ఈ గుణం లేదు. ఎడమ నుంచి ఏటవాలుగా పడ్డ వెలుగుని అద్దం కుడివైపు పంపేస్తుంది. సూటిగా ఎదురుగా పడితేనే వెనక్కి ఇస్తుంది. అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడిలో ఏడాదికి రెండుసార్లు, మార్చిలో కొద్ది రోజులు, అక్టోబరులో కొద్ది రోజులు, పొద్దుటి కిరణాలు స్వామి పాదాల్ని తాకుతాయి. తెల్లారకముందే క్యూలో నిలబడ్డవాళ్ళకి తెలుసు ఆ కొద్ది నిమిషాల విలువ. సూర్యుడూ ద్వారమూ గర్భగుడీ ఒకే గీత మీదకి రావాలి, మబ్బు అడ్డు రాకూడదు. అరుదు కాబట్టే అది అంత అపురూపం. కానీ రాత్రి వేళ ఓడల రాడార్‌కి కనబడాల్సిన, నడి సముద్రంలో ఊగుతున్న తెప్ప ఆ గీత కుదిరేదాకా ఆగలేదు కదా. అక్కడ ఏ క్షణాన, ఏ కోణంలో సిగ్నల్ తగిలినా వెనక్కి వెళ్ళాలి.

ముందు మూల సంగతి

క్యారమ్స్ ఆడినవాళ్ళందరికీ సగం విషయం తెలిసినట్టే. స్ట్రైకర్ మూలకి దగ్గరలో ఒక అంచుకి తగిలి, వెంటనే పక్క అంచుకి తగిలితే, వచ్చిన దారికి సమాంతరంగా వెనక్కి వస్తుంది. ఏ కోణంలో కొట్టినా అంతే. ఒక అంచు స్ట్రైకర్ నిలువు పరుగుని తిరగేస్తుంది, రెండోది అడ్డ పరుగుని తిరగేస్తుంది. రెండూ తిరగబడితే మొత్తం పరుగు తిరగబడినట్టే. గదిలో రెండు గోడలూ నేలా కలిసే మూలలో మూడు పలకలుంటాయి కాబట్టి పైకీ కిందికీ పోయే పరుగు కూడా తిరగబడుతుంది. మూడు లోహపు పలకల్ని అలా ఒకదానికొకటి లంబంగా బిగిస్తే అది ఏ దిక్కు నుంచి వచ్చిన రేడియో తరంగాన్నయినా వచ్చిన దిక్కుకే పంపుతుంది. హైవే బోర్డు మీద అంటించే రేకులో కంటికి కనబడనంత చిన్న మూలలు గానీ, చిన్న గాజు పూసలు గానీ ఉంటాయి. 1969లో అపోలో 11 వ్యోమగాములు చంద్రుడి మీద పెట్టి వచ్చిన పలకలో ఇలాంటి గాజు మూలలు 100 ఉన్నాయి. భూమి నుంచి లేజర్ వేస్తే రెండున్నర సెకన్లలో జవాబు వస్తుంది, ఇప్పటికీ. 2023లో దిగిన మన విక్రమ్ ల్యాండర్ మీద కూడా నాసా ఇచ్చిన చిన్న పరావర్తకం ఉంది. చంద్రుడి చుట్టూ తిరిగే నాసా నౌక ఆ డిసెంబరులో దాని మీదకి లేజర్ వేసి జవాబు అందుకుంది.

ఇక మన సముద్రానికి వద్దాం. శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉంది. కళింగపట్నం దగ్గర మా చుట్టాల ఊళ్ళో ఫైబర్ తెప్ప మీద వేటకెళ్ళే బాబాయ్ ఒకాయన ఉన్నాడు. రాత్రి వేటలో అన్నిటికంటే దేనికి భయం అని అడిగాను. గాలికీ వానకీ కాదన్నాడు. "పెద్ద ఓడలకి బాబూ. ఆలకి మనం కంటికి ఆనం. ఆలే మనకి అగుపడతారు."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఓడ మీది రాడార్ ముఖ్యంగా రెండు రకాల తరంగాలు వాడుతుంది. ఒకటి 9.4 గిగాహెర్ట్జ్ దగ్గర, దాని తరంగదైర్ఘ్యం సుమారు 3.2 సెంటీమీటర్లు. రెండోది 3 గిగాహెర్ట్జ్ దగ్గర, 10 సెంటీమీటర్లు. ఈ తరంగాలకి చెక్క, ఫైబర్, మనిషి, తడి వల ఇవేవీ గట్టిగా తగలవు. కొద్దో గొప్పో వెనక్కి వెళ్ళింది అలల మీద నుంచి వచ్చే గజిబిజి ప్రతిధ్వనిలో కలిసిపోతుంది. పైగా రాడార్‌కి దూరం పెద్ద శాపం. దూరం రెట్టింపయితే తిరిగొచ్చే శక్తి నాలుగో వంతు కాదు, పదహారో వంతు అయిపోతుంది. వెళ్ళేటప్పుడు పలచబడుతుంది, వచ్చేటప్పుడూ పలచబడుతుంది.

రాడార్ కంటికి ఒక వస్తువు ఎంత పెద్దగా కనబడుతుందో చదరపు మీటర్లలో చెబుతారు. చిన్న పడవల మీద పెట్టే పరావర్తకం 9.4 గిగాహెర్ట్జ్ దగ్గర కనీసం 7.5 చదరపు మీటర్లంత కనబడాలనీ, నీటి మట్టానికి కనీసం 4 మీటర్ల ఎత్తున ఉండాలనీ అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ప్రమాణం పెట్టింది. ఇప్పుడు రెండు వస్తువుల్ని పోల్చి చూడండి. 30 సెంటీమీటర్ల చదరపు అల్యూమినియం రేకుని సరిగ్గా ఓడకి ఎదురుగా పట్టుకుంటే అది 100 చదరపు మీటర్లంత కనబడుతుంది. అదే రేకుని 3 డిగ్రీలు తిప్పండి, దాదాపు సున్నా. మూడు డిగ్రీలంటే తెప్ప ఒక్క ఊపు ఊగితే చాలు. అదే 30 సెంటీమీటర్ల అంచున్న మూడు ముక్కోణపు రేకుల మూల అయితే 33 చదరపు మీటర్లే కనబడుతుంది కానీ, ఊగినా తిరిగినా కనబడుతూనే ఉంటుంది. దాని అంచుని రెట్టింపు చేస్తే కనబడే పరిమాణం పదహారు రెట్లు పెరుగుతుంది. అందుకే మూల విషయంలో రెండంగుళాలు కూడా పెద్ద లెక్కే.

మరి రేకు మూల ఇంత బాగా పని చేస్తుంటే యాంటెనాల వరస ఎందుకు? మూల లోతుగా ఉంటుంది, గోడ మీదో కార్డు మీదో చదునుగా అతకదు. అంతకంటే ముఖ్యమైనది ఇంకోటుంది. మూల మూగది. వచ్చినదాన్ని వచ్చినట్టే పంపుతుంది, తన మాట ఒక్కటీ కలపలేదు.

ఒడ్డున ఎనిమిది మంది పిల్లలు

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఎమ్‌ఐటీ రేడియేషన్ ల్యాబ్‌లో యాంటెనాల బృందాన్ని నడిపిన లెస్టర్ వాన్ అట్టా పేరు మీద 1959లో ఒక పేటెంటు వచ్చింది. అందులో ఉన్నది కొన్ని యాంటెనాలు, వాటిని జంటలుగా కలిపే కొన్ని తీగలు. అంతే. ఆ తీగల ఆంతర్యం క్లాసులో నేను బొమ్మ గీసి చెప్పిన మొదటి ఏడాది ఎవరికీ ఎక్కలేదు. తరవాత ఏడాది నుంచి సముద్రం ఒడ్డు కథగా చెబుతున్నాను.

ఎనిమిది మంది పిల్లల్ని ఒడ్డున నీళ్ళకి ఎదురుగా, ఒకే గీత మీద, సమానమైన ఎడంతో నిలబెట్టారనుకోండి. ఎడమ చివర ఒకటో నంబరు, కుడి చివర ఎనిమిదో నంబరు. అల ఎడమ వైపు నుంచి ఏటవాలుగా వస్తోంది. ముందు ఒకటో నంబరు కాళ్ళు తడుస్తాయి. ఒక సెకను తరవాత రెండు, ఇంకో సెకనుకి మూడు, అలా చివరికి ఎనిమిది.

మొదటి ఆట: కాళ్ళు తడవగానే ఎవరికి వాళ్ళు నీళ్ళలో దబ్బున దూకాలి. దూకిన చోట ఒక చిన్న అల పుడుతుంది. ఒకటో నంబరు ముందు దూకింది కాబట్టి ఆ అల అప్పటికే ముందుకి వెళ్ళిపోయి ఉంటుంది. ఎనిమిదో నంబరు చివర దూకాడు కాబట్టి వాడి అల ఇంకా వాడి కాళ్ళ దగ్గరే ఉంటుంది. ఈ ఎనిమిది అలలూ కలిసిన పెద్ద అల ఎడమ భుజం ముందుకి, కుడి భుజం వెనక్కి పెట్టి నడుస్తుంది. అలా నడిచేది కుడివైపుకే పోతుంది. అద్దం చేసేది సరిగ్గా ఇదే.

రెండో ఆట: కాళ్ళు తడిసినవాళ్ళు దూకకూడదు. చేతిలో ఉన్న తాడు లాగాలి, తాడు అటు చివర ఉన్న జోడీ దూకాలి. ఒకటికి ఎనిమిది జోడీ, రెండుకి ఏడు, మూడుకి ఆరు, నాలుగుకి అయిదు. తాళ్ళన్నీ ఒకే పొడవు. ముందు తడిసింది ఒకటి, కాబట్టి ముందు దూకేది ఎనిమిది. తరవాత ఏడు, ఆరు, అయిదు. అందరికంటే చివర తడిసింది ఎనిమిది, కాబట్టి చివర దూకేది ఒకటి. ఇప్పుడు పెద్ద అలకి కుడి భుజం ముందుంది, ఎడమ భుజం వెనక ఉంది. అది ఎడమకి పోతుంది. వచ్చిన వైపుకే.

అల ఎటు నుంచి వచ్చిందో ఆ పిల్లల్లో ఒక్కరికీ తెలియదు. ఎవరూ కోణం కొలవలేదు. అల ఇంకా వాలుగా వచ్చి, ఒక్కొక్కరి మధ్య ఒక సెకను బదులు రెండు సెకన్ల తేడా ఉంటే, తిరుగు ప్రయాణంలో కూడా ఆ రెండు సెకన్లే తారుమారవుతాయి. సూటిగా వస్తే అందరూ ఒకేసారి తడుస్తారు, ఒకేసారి దూకుతారు, అల సూటిగా వెళ్తుంది. పిల్లలు యాంటెనాలు, తాళ్ళు తీగలు. వాన్ అట్టా వరస మొత్తం ఇదే. బ్యాటరీ లేదు, చిప్పు లేదు.

కాగితం మీద నుంచి బోర్డు మీదకి

ఈ కథ అర్థమయ్యాక ఆఖరి ఏడాది పిల్లలు నలుగురు ఎనిమిది యాంటెనాల బోర్డు చేస్తామని వచ్చారు. 5.8 గిగాహెర్ట్జ్ ఎంచుకున్నాం, ఎందుకంటే తరంగదైర్ఘ్యం 5.2 సెంటీమీటర్లే కాబట్టి బోర్డు చేతిలో ఇముడుతుంది. మామూలు ఆకుపచ్చ సర్క్యూట్ బోర్డు మీద ఒక్కో యాంటెనా సుమారు 12 మిల్లీమీటర్ల రాగి పలక.

ఎడం ఎంత ఉండాలన్నది మొదటి ప్రశ్న. ఒక యాంటెనా మధ్య నుంచి పక్కదాని మధ్యకి సగం తరంగదైర్ఘ్యం, అంటే దాదాపు 26 మిల్లీమీటర్లు. ఎక్కువ దూరం పెడితే బోర్డు పెద్దదై బలం పెరుగుతుంది కదా అని ఒక అమ్మాయి అడిగింది. పెరుగుతుంది, కానీ వాలు కోణాల్లో అసలు కిరణంతో పాటు వేరే దిక్కుకి ఒక దొంగ కిరణం బయలుదేరుతుంది. శక్తి చెరిసగం పంచుకుపోతుంది. మరీ దగ్గరగా పెడితే పక్కపక్క యాంటెనాలు ఒకదాని సిగ్నల్ ఒకటి లాగేసుకుంటాయి. సగం తరంగదైర్ఘ్యం ఈ రెండిటి మధ్య కుదిరిన బేరం.

అసలు పని తీగల దగ్గర ఉంది. వరసకి ఒకే పక్కన గీస్తే తీగలు ఒకదానిలో ఒకటి ఇమిడిన గిన్నెల్లా వస్తాయి, ఎక్కడా దాటుకోవు. బయటి గిన్నె ఒకటినీ ఎనిమిదినీ కలిపేది, పొడుగ్గా ఉంటుంది. లోపలిది నాలుగునీ అయిదునీ కలిపేది, పొట్టిగా ఉంటుంది. కానీ తాళ్ళన్నీ ఒకే పొడవు ఉండాలి కదా. అందుకని లోపలి తీగల్ని పాములా వంకరలు తిప్పి పొడవు పెంచాలి. ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. ఆ బోర్డు రాగి దారిలో తరంగదైర్ఘ్యం సుమారు 28 మిల్లీమీటర్లు. తీగల మధ్య తేడా సరిగ్గా 28 లేదా దాని గుణిజం అయితే ఆ ఒక్క ఫ్రీక్వెన్సీ దగ్గర తేడా లేనట్టే లెక్క. తీగ పొట్టిదవుతుంది, నష్టం తగ్గుతుంది. కానీ ఫ్రీక్వెన్సీ కాస్త జరిగితే లెక్క చెడుతుంది. పొడవులు నిజంగా సమానంగా ఉంటే ఏ ఫ్రీక్వెన్సీకయినా వరస సరిగ్గా తిరగబడుతుంది. నేనయితే సమానమే చెయ్యమంటాను, మొదటి బోర్డుకి మరీను.

ఒక పూర్తి అలని 360 డిగ్రీలనుకుంటే, ఒక్క మిల్లీమీటరు పొరపాటు 13 డిగ్రీల ఫేజ్ తేడా, అంటే అల అంత ముందో వెనకో పడటం, అవుతుంది. అయితే అన్ని తీగలూ ఒకే మిల్లీమీటరు ఎక్కువైతే ఏమీ కాదు. తేడాలే లెక్కలోకి వస్తాయి. ఈ మాట పిల్లలకి ఎన్నిసార్లు చెప్పినా తక్కువే, ఎందుకంటే వాళ్ళు ఒక్కో తీగ పొడవు గురించి టెన్షన్ పడతారు కానీ జంటల్ని పక్కపక్కన పెట్టి పోల్చుకోరు.

నష్టం గురించి కూడా చెప్పుకోవాలి. ఆ చవక బోర్డు మీద 5.8 గిగాహెర్ట్జ్ సిగ్నల్ 10 సెంటీమీటర్లు నడిస్తే మూడో వంతు శక్తి వేడిగా పోతుంది. డబ్బు పెట్టగలిగితే తక్కువ నష్టపు బోర్డు కొనాలి. ఇంకో పరిమితి యాంటెనాదే. రాగి పలక తనకి ఎదురుగా అటూ ఇటూ 60 డిగ్రీల మేర బాగా చూస్తుంది, ఆ పైన చూపు మందగిస్తుంది. చూపు మందగిస్తే వినడమూ తగ్గుతుంది, పలకడమూ తగ్గుతుంది, దెబ్బ రెండుసార్లు. అందుకే "ఏ దిక్కు నుంచి వచ్చినా" అన్న మాటని ఆచరణలో 120 డిగ్రీల విసనకర్రగా అర్థం చేసుకోవాలి.

ఇంతకీ బోర్డు ఎంత పెద్దగా కనబడుతుంది? యాంటెనాల సంఖ్యని ఒక్కోదాని బలంతో (అన్ని వైపులా సమానంగా పంపేదానికంటే ఎదురుగా ఎన్ని రెట్లు పంపుతుందన్న అంకె), తరంగదైర్ఘ్యంతో గుణించి, వచ్చినదాన్ని వర్గం చేసి, 4π తో భాగించాలి. ఒక్కో పలక బలం 4 అనుకుంటే, మా ఎనిమిదింటికి నష్టాలు తియ్యకముందు 0.22 చదరపు మీటర్లు. సంఖ్య రెట్టింపయితే నాలుగు రెట్లు. ఎక్కువ మంది వింటారు, విన్నది ఎక్కువ గురితో పంపుతారు, లాభం కూడా రెండుసార్లు వస్తుంది.

కారిడార్‌లో బీరువాలు

బోర్డు తయారై వచ్చాక కొలతకి కూర్చున్నాం. ఖాళీ కారిడార్ ఒక చివర పంపే యాంటెనా, వినే యాంటెనా పక్కపక్కన. రెండో చివర తిరిగే స్టూలు మీద బోర్డు. పది డిగ్రీలు తిప్పడం, అంకె రాసుకోవడం. సున్నా నుంచి 60 దాకా అంకె కదల్లేదు. పిల్లలు ఎగిరి గంతేశారు. నేను కూడా చాలా సంతోషపడ్డాను.

తరవాత ఒకబ్బాయి ఏదో సర్దుతూ బోర్డు ముందు పరీక్ష అట్ట అడ్డం పెట్టాడు, దాని మీద అల్యూమినియం ఫాయిల్ వాలుగా అంటించి ఉంది. సిగ్నల్ ఆగిపోవాలి. ఆగలేదు, అదే అంకె. బోర్డుని స్టూలు మీద నుంచి తీసేశాం. అదే అంకె. అప్పుడు అందరం తలెత్తి స్టూలు వెనక చూశాం. రెండు ఇనప బీరువాలు, ఒకటి గోడకి ఆనుకుని, ఇంకొకటి దానికి లంబంగా. క్యారమ్ బోర్డు మూల మా కారిడార్‌లోనే నిలబడి ఉంది. ఇంతసేపూ మేం కొలిచింది బీరువాల్ని.

వాటిని జరిపించి, ముందు బోర్డు లేకుండా ఒకసారి కొలిచి, ఆ ఖాళీ కొలతని తరవాతి కొలతల్లోంచి తీసేస్తూ మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి ఎదురుగా ఉన్నప్పుడు అంకె ఎక్కువ, 20 దగ్గర పడిపోయి, 30 దగ్గర మళ్ళీ లేచింది. ఎదురుగా ఎక్కువ రావడానికి కారణం బోర్డు వెనక ఉన్న రాగి నేల, అది మామూలు అద్దంలా కొడుతుంది. 20 దగ్గర పడిపోవడానికి కారణం కూడా అదే. ఆ నేల అద్దంలా కొట్టినదీ, యాంటెనాలు పంపినదీ ఎదురెదురై ఒకదాన్ని ఒకటి కొట్టేసుకున్నాయి. ఈ రెండిటినీ విడదీయడమే అసలు డిజైన్ విద్య అని నా అభిప్రాయం.

విడదీయడానికి మంచి దారులు రెండున్నాయి. ఒకటి, నిలువుగా ఊగే తరంగాన్ని అందుకుని జోడీ యాంటెనా ద్వారా అడ్డంగా ఊగే తరంగంగా పంపడం. రాగి నేల కొట్టినది నిలువుగానే ఉంటుంది, మనది అడ్డంగా వస్తుంది, వినే యాంటెనాని అడ్డంగా తిప్పితే మనదే వినబడుతుంది. రెండోది, ప్రతి తీగ మధ్యలో ఒక చిన్న డయోడ్ స్విచ్ పెట్టి తెరుస్తూ మూస్తూ ఉండటం. గోడలూ బీరువాలూ రాగి నేలా ఎప్పుడూ ఒకేలా జవాబిస్తాయి. మన బోర్డు మాత్రం లయగా మిణుకుతుంది. ఆ లయని పట్టుకుంటే సరిపోతుంది.

మూగ మూలకి, ఈ వరసకి తేడా ఇక్కడే తెలుస్తుంది. లయ అంటే మాటే కదా. స్విచ్ తెరిచి మూసే క్రమంలో ఒక నంబరు పెట్టొచ్చు, ఉష్ణోగ్రత పెట్టొచ్చు. తను సొంతంగా ఒక్క తరంగం కూడా పుట్టించకుండా, ఎదుటివాడు పంపిన తరంగం మీదే తన మాట రాసి వాడికే తిప్పి పంపుతుంది. 2023లో ఎమ్‌ఐటీ పరిశోధకులు ఇదే వాన్ అట్టా ఆలోచనని నీళ్ళ కిందకి తీసుకెళ్ళారు, రేడియో బదులు శబ్దంతో. నదిలో 300 మీటర్ల దూరానికి మాట అందించారు.

తీగలు లేకుండా తిరగేయడం

వాన్ అట్టా వరసకి ఒక బంధనం ఉంది. యాంటెనాలు చదునుగా, సమంగా, జోడీలుగా ఉండాలి. అడ్డంగా ఒక్క వరస అయితే తీగలు దాటుకోవు. అడ్డం, నిలువు రెండూ ఉన్న పలక అయితే ప్రతి యాంటెనా మధ్య బిందువుకి అవతల ఉన్న జోడీతో కలవాలి, తీగలన్నీ ఒకదాన్నొకటి దాటాలి, బోర్డుకి పొరలు పెరుగుతాయి.

1964లో సి. వై. పాన్ అనే ఇంజనీరు వేరే దారి చూపించాడు. జోడీ అక్కర్లేదు, ప్రతి యాంటెనా తన సిగ్నల్‌ని తానే తిరగేసుకోవచ్చు. గడియారం ముల్లుతో చెప్తాను. వచ్చిన తరంగాన్ని గుండ్రంగా తిరిగే ముల్లనుకోండి. దానికి సరిగ్గా రెట్టింపు వేగంతో తిరిగే ఇంకో ముల్లు మన దగ్గర ఉంది. ఒక క్షణాన మన ముల్లు 100 డిగ్రీల దగ్గరుంది. ముందూ వెనకా లేని తరంగం అయితే అప్పుడు 50 దగ్గర ఉండాలి. ఈ యాంటెనాకి అల కాస్త ముందే తగిలింది కాబట్టి 70 దగ్గరుంది, అంటే 20 ముందు. 100 లోంచి 70 తీసేస్తే 30. అంటే 50కి 20 వెనక. ముందున్నది అంతే మేర వెనకపడింది, వరస తిరగబడింది. ఈ తీసివేత పని మిక్సర్ అనే చిన్న సర్క్యూట్ చేస్తుంది.

తీగలు లేవు కాబట్టి యాంటెనాలు వంపు మీద ఉన్నా, విమానం రెక్క మీద చెల్లాచెదురుగా ఉన్నా పని చేస్తుంది. దారిలో బిల్డింగులకి తగిలి వంకరపోయిన అల కూడా అదే వంకరలో వెనక్కి నడిచి సరిగ్గా బయలుదేరిన చోటికి చేరుతుంది. కష్టం ఏమిటంటే వచ్చేదీ పోయేదీ ఒకే ఫ్రీక్వెన్సీ, కాబట్టి తిరగెయ్యనిది కూడా కొంత కారి బయటికి పోతుంది. దాన్ని ఆపడానికి రెండు ఫ్రీక్వెన్సీల్నీ కొంచెం ఎడంగా పెడతారు. ఎడం పెడితే గురి కొంచెం తప్పుతుంది. ఒక శాతం ఎడానికి, 30 డిగ్రీల దగ్గర, డిగ్రీలో మూడో వంతు. పైగా ఇది కరెంటు తింటుంది, రెట్టింపు వేగపు ముల్లుని అన్ని యాంటెనాలకీ సమానంగా అందించాలి.

ఈ పద్ధతిని ఎంత దూరం ఊహించారంటే, 1968లో పీటర్ గ్లేజర్ అంతరిక్షంలో సౌర విద్యుత్తు తయారుచేసి మైక్రోవేవ్‌గా భూమికి దించాలని ప్రతిపాదించాడు. 1970ల చివర అమెరికా దాని మీద చేసిన అధ్యయనంలో 36,000 కిలోమీటర్ల ఎత్తున ఒక కిలోమీటరు వెడల్పు యాంటెనా వరస ఉంది. అంత ఎత్తు నుంచి కిరణాన్ని గురితప్పకుండా దించడం ఎలా? దించాల్సిన చోటి నుంచే దారి చూపే చిన్న సిగ్నల్, పైలట్ సిగ్నల్ అంటారు, పైకి పంపుతారు. పైన ఉన్న వరస దాన్ని తిరగేసి, తన పెద్ద శక్తిని ఆ దారిలోనే కిందకి పంపుతుంది. పైలట్ సిగ్నల్ ఆగిపోతే యాంటెనాల మధ్య పొందిక పోయి కిరణం దానంతటదే చెదిరిపోతుంది. అంత పెద్ద శక్తికి కాపలా అదే.

తెప్ప మీదకి ఏది?

మళ్ళీ బాబాయ్ తెప్ప దగ్గరికి వస్తాను. 9.4 గిగాహెర్ట్జ్‌కి వాన్ అట్టా పలక చేస్తే ఎంతవుతుందో లెక్క వేశాం. ఎడం 1.6 సెంటీమీటర్లు. అడ్డం పది, నిలువు పది, మొత్తం 100 యాంటెనాలు, 16 సెంటీమీటర్ల చదరం. నాలుగు పక్కలా ఇరుక్కుని ఉంటాయి కాబట్టి ఇక్కడ ఒక్కోదాని బలం 4 బదులు 3.14 అనుకుంటే, నష్టమే లేకపోతే 8 చదరపు మీటర్లు. నష్టం మూడో వంతయితే 5.4, ప్రమాణానికి చాలదు. పన్నెండు పన్నెండ్లు 144 పెడితే నష్టాలు పోను 11 దాకా వస్తుంది. పలక 19 సెంటీమీటర్లే, కానీ 120 డిగ్రీలే చూస్తుంది కాబట్టి చుట్టూ కనబడాలంటే మూడు పలకలు కావాలి, ఉప్పుగాలి తగలకుండా పెట్టె కావాలి.

అదే 8 చదరపు మీటర్లు 21 సెంటీమీటర్ల అంచున్న రేకు మూల ఇస్తుంది. అడుగు చదరపు అల్యూమినియం రేకులు మూడు తీసుకుని, ఒక మూల నుంచి ఎదుటి మూలకి పోయే గీత వెంట గాడి కోసి, ఒకదానిలోంచి ఒకటి దూర్చి, మూలమట్టం పెట్టి లంబంగా బిగిస్తే ఎనిమిది దిక్కులకీ ఎనిమిది మూలలు తయారవుతాయి. కేవలం కనబడటమే కావాలంటే రేకు చాలు, యాంటెనాల వరస అక్కర్లేదు. ఇది నేను వెనకాడకుండా చెప్తాను. సంక్రాంతికి వెళ్ళినప్పుడు అలాంటిది ఒకటి చేసి పట్టుకెళ్ళాను. వెదురు గడకి కట్టేటప్పుడు ఒక జాగ్రత్త చెప్పాను: మొన పైకి పెట్టి వేలాడదియ్యకూడదు, వాన నీళ్ళు పట్టే గిన్నెలా ఒక మూల తెరుచుకుని పైకి చూడాలి. అలా ఉంటే చుట్టూ ఉన్న ఓడలకి మిగతా మూలలు ఎదురవుతాయి.

బాబాయ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీంతో ఆలకి మనం అగుపడతాం సరే. అది ఏ తెప్పో, ఎవరిదో తెలుస్తాదేటి?" అన్నాడు.

తెలియదు. రేకు ఆ మాట చెప్పలేదు. ఆ మాట కోసమే పిల్లలు ఇప్పుడు రెండో బోర్డు గీస్తున్నారు: 144 యాంటెనాలు, 72 జంటలు, ప్రతి జంట మధ్య ఒక డయోడ్, ఆ డయోడ్లు మిణికే లయలో తెప్ప నంబరు. ఓడ రాడార్ ఆ మిణుకుని చదవడం నేర్చుకోవాలి, అది వేరే పెద్ద పని. తీగలు దాటుకునే చోట బోర్డుకి ఎన్ని పొరలు పడతాయన్న దగ్గర ఆగి ఉన్నాం.